కాంపౌండరు గారి కలుషిత పత్రం

సర్వాన్వేషిణి అనే సెర్చ్ ఇంజిన్‌ను ప్రభుత్వం వారు ప్రారంభించిన మొదటి ఏడాది దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ వాడలేదు. రెండో ఏడు రాష్ట్రంలో ప్రతి ఫోన్లోనూ అదే ఉండాలి, ఇంకోటి ఉండరాదు అన్నారు. అప్పటినుంచి జనం దాన్ని ముద్దుగా సర్వమ్మ అని పిలుచుకుంటూ, ఏం కావాలన్నా ఆవిణ్ణే అడగడం మొదలుపెట్టారు.

సర్వమ్మను నడిపే అన్వేషణ మండలికి మొదట్లో బుద్ధి బాగానే ఉండేది. వైరస్ పట్టిన వెబ్‌సైటు కనబడితే దాన్ని ఈడ్చుకెళ్లి నలభయ్యో పేజీలో పడేసేవారు. అంత దూరం ఎవరూ వెళ్లరు కాబట్టి ఎవరి ఫోనూ పాడయ్యేది కాదు. అయితే ఒక పెద్దమనిషి వెళ్లాడు. ఆయన పేరు మనకు అనవసరం, మండలి అధ్యక్షుల వారికి స్వయానా వియ్యంకుడు. ఏం వెతుక్కుంటూ అంత లోపలికి వెళ్లాడో ఆయన చెప్పలేదు, మండలి వారూ అడగలేదు. ఫోన్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయాక మాత్రం ఆయన మండలి ఆఫీసుకొచ్చి మండిపడ్డాడు.

“ముందుగా ఒక హెచ్చరిక ఉండొద్దటయ్యా?”

“ఉందండి. పక్కనే ఎర్రబోర్డు పెట్టాం.”

“నలభయ్యో పేజీలో పెడితే ఏం లాభం? అక్కడికొచ్చేసరికి మనిషి అలిసిపోయి ఉంటాడు. బోర్డులు చదివే ఓపిక ఎక్కడేడుస్తుంది? జనానికి కనబడేచోట పెట్టాలి గానీ!”

మండలి వారు రెండు రోజులు ఆలోచించారు. మూడోరోజున ఉత్తర్వు వచ్చింది.

“హానికర క్రమణికల బారిన పడిన వెబ్‌సైట్ల విషయమై ప్రజలను అప్రమత్తులను చేయు నిమిత్తము, అట్టి వెబ్‌సైట్లను అన్వేషణ ఫలితములందు అన్నిటికన్న ముందు, ‘ఇది కలుషితము, తెరవరాదు’ అను ఎర్రని ఫలకముతో ప్రదర్శింపవలెను. పరిశుభ్రమైన వెబ్‌సైట్ల వలన ప్రజలకు ప్రమాదమేమియు లేనందున వాటిని తదుపరి చూపవచ్చును.”

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కావాలంటే మళ్లీ చదవండి, ఏ వాక్యానికా వాక్యం నిక్షేపంలా ఉంటుంది.

ఈ ఉత్తర్వు వచ్చిన సంగతి కోలవరంలో గుడిసేవ పాండురంగారావుకు తెలియదు. ఆయన ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై మూడేళ్లు మందులిచ్చి రిటైరయిన మనిషి. ఉద్యోగం పేరు ఫార్మసిస్టని మారి ఎంతకాలమైనా ఊరు మాత్రం ఆయన్ని కాంపౌండరు గారనే పిలుస్తుంది. కాలువల కింద ఊడ్పుల సీజన్లో పాములు ఎక్కువ. ఆయన సర్వీసులో ఉండగా ఒక మధ్యాహ్నం ఒక కూలీని పాము కరిచిందని మోసుకొచ్చారు. ఆ రోజు ఆయన బీరువాలో ఇంజక్షను ఒక్కటీ లేదు. పక్క ఊరు పంపారు. అక్కడా లేదు. మరో దిక్కున ఆరు మైళ్లలో ఉన్న ఆసుపత్రిలో నలభై ఉన్నాయని తెలిసేసరికి ఆ మనిషి ఆటోలోనే పోయాడు. అది తలుచుకుంటే కాంపౌండరు గారికి ఇప్పటికీ అన్నం సయించదు.

అందుకని రిటైరయ్యాక ఆయనొక వెబ్‌సైటు పెట్టారు. పెట్టింది ఆయన కాదు, బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే జిలానీ. సైటుకి ఉన్నది ఒకటే పేజీ. రోజూ పొద్దున్నే ఆరింటికి కాఫీ తాగి కాంపౌండరు గారు చుట్టుపక్కల తొమ్మిది ఆసుపత్రులకు ఫోన్ చేస్తారు. “ఇంజక్షన్లు ఎన్నున్నాయమ్మా? డాక్టరు గారు ఊళ్లో ఉన్నారా?” అని రెండే ప్రశ్నలు. ఆ జవాబులు సైటులో పెడతారు. కింద ఆయన నంబరుంటుంది. పాము కరిచిందని సర్వమ్మను అడిగితే ఆ పేజీయే మొదట వచ్చేది. ఊడ్పులప్పుడు రోజుకు ఒకటో రెండో ఫోన్లు తప్పేవి కావు.

ఆ ఏడు ఊడ్పులు మొదలై పదకొండు రోజులైనా ఒక్క ఫోనూ రాలేదు. మొదట సంతోషించారు. తరవాత అనుమానం వచ్చింది. పాములన్నీ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోవడం ఆయన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

పన్నెండో రోజున కౌలుకు చేసుకునే ఏసుపాదం కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పాదానికి పెద్ద కట్టు.

“మీ సైటు ఎక్కడ సచ్చిందండీ కాంపౌండరు గారూ?”

“ఏమైందిరా?”

“గట్టు మీద కరిసిందండి. మా బావమరిది ఫోన్లో కొట్టాడు. ముందు ఎర్రబోర్డొచ్చింది. ‘వేరు వైద్యం, పది నిమిషాల్లో విషం పీకేస్తాం’ అని. తెరవొద్దని రాసుందండి. తెరవొద్దంటన్నారంటే లోపలేదో గట్టి మందే ఉండుంటదన్నాడు మావోడు. తెరిశాడు. ఫోను నల్లబడిపోయింది. రెండో ఎర్రబోర్డుకి మా ఆడదాని ఫోను పోయింది. ఇంక ఫోన్లేకండా, మనూరి ఆసుపత్రిలో మందెప్పుడుంది గనకని ఆటోలో మూడూళ్లు తిరిగామండి. మూడో ఊళ్లో మందు దొరికింది. ఇంకో పావుగంటయితే దండేసేవోళ్లంట. కాలివేళ్లు రెండు తీసేశారండి.”

కాంపౌండరు గారు లేచి తన నోటుపుస్తకం తెచ్చి చూశారు. వాణ్ణి కరిచిన రోజు కోలవరం ఆసుపత్రిలో పద్దెనిమిది ఇంజక్షన్లున్నాయి, డాక్టరు గారూ ఉన్నారు. ఏసుపాదం పొలానికి అది కూతవేటు దూరం. స్వయంగా తన చేత్తో రాసిపెట్టిన సంగతి అది. ఏసుపాదం కట్టు వంక చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అరగంట తరవాత ఆయన జిలానీ కొట్లో ఉన్నారు. జిలానీ వెతికి వెతికి చివరికి సైటును పట్టుకున్నాడు.

“నలభై మూడో పేజీలో ఉంది బాబాయ్. మన పైనున్నవన్నీ రోగిష్టి సైట్లే.”

“వాటికి వైరస్ ఉంది కదా. మనకి లేదు కదా.”

“అదే మన ఖర్మ,” అన్నాడు జిలానీ. “తెరవరాదు అని రాసింది మొదలు జనం అవే తెరుస్తున్నారు. ఎర్రబోర్డు ఉన్న కళ్యాణ మండపానికి మాఘమాసం దాకా ఖాళీ లేదంట. మొన్న ఒకాయన వచ్చి నా సైటుకి ఏదైనా జబ్బు అంటించు బాబూ, పుణ్యముంటుంది అని బతిమాలాడు.”

మర్నాడు కాంపౌండరు గారు జిల్లా కేంద్రంలో మండలి ఆఫీసుకు వెళ్లారు. గేటు దగ్గరే టార్పాలిన్ పందిరి కింద చిన్న బల్లలు వేసుకుని, రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్లు కూర్చున్నట్టు, పది పన్నెండుమంది కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నారు. ‘ఇచ్చట వైరస్‌లు రాయబడును’, ‘పాత వైరస్‌లు రెన్యువల్ చేయబడును’ అని అట్టలు వేలాడుతున్నాయి. లోపల వరండాలో క్యూ. ముందు ఒక ఇంజనీరింగు కాలేజీ ప్రిన్సిపాలు, ఆయన వెనక ఒక ఆశ్రమం మేనేజరు. ప్రిన్సిపాలు చేతిలో ఒక ఫ్లెక్సీ నమూనా ఉంది: ‘మండలిచే కలుషితమని ధ్రువీకరింపబడిన జిల్లాలోని ఏకైక కళాశాల’. ఆశ్రమం మేనేజరు దాన్ని చూసి అసూయతో నిట్టూర్చాడు.

జిల్లాకు పెద్ద, అదనపు సంచాలకులు భైరవమూర్తి గారు. మంచి మనిషి, నిజాయితీపరుడు. నియమావళి తప్ప మరో పుస్తకం చదివి ఎరగరు. కాంపౌండరు గారి అర్జీ మొత్తం చదివి కళ్లజోడు తీశారు.

“మీ విజ్ఞప్తిని సానుభూతితో పరిశీలించడమైనది. మీ వెబ్‌సైటునందు ఏ విధమైన కాలుష్యమూ గమనింపబడలేదు. కనుక మీరు మా పరిధిలోకి రారు.”

“మంచిదే కదండీ.”

“మంచిదే. మంచివాటికి మా వద్ద పథకం లేదు.”

“మనుషులు చచ్చిపోతారండీ!”

“చూడండి. ప్రజల క్షేమం దృష్ట్యానే ప్రమాదకరమైన వాటికి ప్రాధాన్యమిస్తున్నాం. మీ వెబ్‌సైటు వల్ల ఎవరికీ ముప్పు లేదు. మిమ్మల్ని ఏ ప్రాతిపదికన ముందుకు జరపమంటారు?”

“ప్రాణం కాపాడుతుందనండీ.”

భైరవమూర్తి గారు నియమావళి తీసి, విషయసూచిక దగ్గర్నుంచి అనుబంధం దాకా ఓపికగా తిరగేశారు.

“ఆ కాలమ్ లేదండి,” అన్నారు విచారంగా.

బయట సీళ్లు వేసే బల్ల దగ్గర సూపరింటెండెంటు కామరాజు కూర్చుని ఉన్నాడు. బోర్డు మీద శాఖ పేరు మారినా ఇరవై ఒక్క ఏళ్లుగా అదే కుర్చీ. సీలు కొట్టీ కొట్టీ కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే లావెక్కింది.

“పనవలేదా అండీ?” అన్నాడు. “ఆయన తప్పేం లేదు లెండి. రూలు దాటడు, దాటనివ్వడు. ఆ కుర్చీ ఖాళీ అయితే సీనియారిటీ ప్రకారం నాదేనండి. ఈయనకింకా తొమ్మిదేళ్ల సర్వీసుంది. అప్పటికి నేను రిటైరైపోతాను.” అని ఒక కాగితం ముందుకు తోశాడు. “ఫారం ఏడు. కలుషిత ధ్రువీకరణకి. ఏదో ఒకటి అంటించుకుని రండి. ఇంతకంటే చెప్పలేను.”

బస్సులో కాంపౌండరు గారు ఆ ఫారం ఒళ్లో పెట్టుకుని ఊరొచ్చేదాకా దానివంకే చూశారు. పాము కరిచిన వాడి ఫోను తాను చంపాలా? ముప్ఫై మూడేళ్లు మందులిచ్చిన చేత్తో విషం పెట్టాలా? ఆ మాటకొస్తే పాముకాటు మందు తయారయ్యేదీ విషంతోనే. గుర్రానికి చావని మోతాదులో కొంచెం కొంచెం విషం ఎక్కించి, దాని రక్తం నుంచి తీస్తారు. అంతా మోతాదులోనే ఉంది. ఈ ఆలోచన రాగానే ఆయన ఇంటికి కాకుండా తిన్నగా నెట్ సెంటరు దగ్గర దిగారు.

“జిలానీ, ఫోను చావకూడదు. కానీ ఫోను తన యజమాని మాట వినకుండా ఒక్క పని చెయ్యాలి. అవుతుందా?”

“ఏం పని బాబాయ్?”

“నాకు ఫోన్ చెయ్యాలి.”

జిలానీ కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాలుగు రోజుల్లో ఆ బుల్లి వైరస్ తయారైంది. పేజీ తెరవగానే ఆ ఫోను ఎవరినీ అడక్కుండా తనంతట తాను కాంపౌండరు గారి నంబరుకు కలుస్తుంది. ఇంకే పాపమూ ఎరగదు.

పరీక్షకు పిలుపొచ్చింది. భైరవమూర్తి గారు ఆఫీసు ఫోన్లో సైటు తెరిచారు. వెంటనే ఎదుట నిలబడ్డ కాంపౌండరు గారి జేబు మోగింది. ఆయన అలవాటుగా తీసి, “హలో, ఎక్కడ కరిచిందండీ?” అన్నారు. ఆ మాట భైరవమూర్తి గారికి ఎదుటి మనిషి నోట్లోంచీ, చేతిలో ఫోన్లోంచీ ఒకేసారి వినబడింది.

“యజమాని అనుమతి లేకుండా ఉపకరణమును స్వాధీనపరచుకొనుట!” భైరవమూర్తి గారి మొహం వెలిగిపోయింది. “ఇది ప్రథమ శ్రేణి కాలుష్యం. ఇంత స్పష్టమైన కేసు ఈ జిల్లాలో నేను చూడలేదు. అభినందనలు!”

కామరాజు సీలు కొట్టాడు. కలుషిత పత్రం నంబరు మూడు వందల పద్దెనిమిది. మర్నాటి నుంచి పాము అన్న మాట కొడితే చాలు, సర్వమ్మ మొట్టమొదట కాంపౌండరు గారి పేజీ చూపించేది, పైన ‘తెరవరాదు’ అని ఎర్రబోర్డుతో. అందరూ తెరిచేవారు. ఫోను దానంతటదే ఆయనకు కలిసేది.

దాంతో ఆయన ప్రాణానికి సుఖం లేకుండా పోయిందనుకోండి. పాముల బొమ్మల కోసం వెతికిన బడిపిల్లలు, నాగులచవితి ఏ రోజో తెలుసుకోబోయిన ముత్తయిదువలు, ఏమీ తోచక ఎర్రబోర్డు నొక్కినవాళ్లు, అందరూ ఆయన లైన్లోకి వచ్చిపడేవారు. “పాము లేదండీ, ఊరికే తెరిచాను” అనేవారు. “సంతోషం, ఉంటాను” అని ఆయన పెట్టేసేవారు. కానీ ఆ నెలాఖరుకు నిజంగా పాము కరిచినవాళ్లు ఇరవై ఆరుగురు ఫోన్ చేశారు. ఇరవై ఆరుగురూ మందున్న చోటికే నేరుగా వెళ్లారు. ఒక్కరూ పోలేదు. ఆ లెక్క నోటుపుస్తకంలో రాసుకున్న పూట కాంపౌండరు గారు రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

అంతలో ఒక వానరోజు, జిల్లాలో పరిశుభ్రమైన వెబ్‌సైట్లు ఇంకా ఎన్ని మిగిలాయో తెలుపవలసిందని పైనుంచి భైరవమూర్తి గారికి తాఖీదు వచ్చింది. శుభ్రమైన సైట్ల ఫైళ్లు రికార్డు గదిలో అడుగు అరలో ఉన్నాయి. వాటినెవరూ ముట్టుకోరు కాబట్టి ఒక రక్తపింజరి అక్కడ కాపురం పెట్టింది. భైరవమూర్తి గారు వంగి ఫైలు లాగారు. అది ఆయన చేతిని కరిచి, తన దారిన తాను కిటికీలోంచి పోయింది.

ఆఫీసంతా గుమిగూడింది. పాము కరిస్తే ఏ సైటు చూడాలో అందరికీ తెలుసు. కానీ మండలి ఉద్యోగులు ఆఫీసు వేళల్లో ఎర్రబోర్డు సైట్లు తెరవరాదని భైరవమూర్తి గారే జారీ చేసిన సర్క్యులర్ గోడకి ఉంది. తెరవాలంటే సంబంధిత అధికారి అనుమతి కావాలి. సంబంధిత అధికారి బల్లమీద పడుకుని ఉన్నారు. సరే, అనుమతి కోరుతూ ఒక గుమాస్తా గబగబా నోట్ రాసి ఆయన మొహం ముందు పట్టుకున్నాడు. భైరవమూర్తి గారు చెమటలు కక్కుతూనే చదివి, రెండో పేరాలో విషయం స్పష్టంగా లేదని తిప్పి పంపారు.

కామరాజు అదంతా చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి ఆ ఖాళీ కుర్చీ వంక చూశాడు. తరవాత జేబులోంచి ఫోను తీసి ఎర్రబోర్డు నొక్కాడు.

“హలో, ఎక్కడ కరిచిందండీ?”

“చేతికండి. మా అదనపు సంచాలకులు గారికి.”

“తాడు కట్టొద్దు, కొయ్యొద్దు. చెయ్యి కదలనివ్వకండి. మీ వెనక వీధి ఆసుపత్రిలో మందు లేదు, పొద్దున్నే అడిగాను. రైలు గేటు అవతల దాంట్లో ఇరవై రెండున్నాయి, డాక్టరమ్మ గారున్నారు. నేను చెప్పి ఉంచుతాను, మీరు బయల్దేరండి.”

పావుగంట ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది.

మూడు వారాల తరవాత కాంపౌండరు గారికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. కృతజ్ఞతా పత్రం కాబోలనుకుని జిలానీని కూడా పిలిచి విప్పారు.

“సదరు వెబ్‌సైటు వలన ఈ దిగువ సంతకము చేసిన అధికారికి మేలు జరిగినట్లు స్వానుభవమున నిర్ధారణ అయినది. మేలు చేయు వెబ్‌సైటును కలుషిత జాబితాలో కొనసాగించుట నియమావళికి విరుద్ధము. కావున పత్రము నంబరు మూడు వందల పద్దెనిమిది రద్దు చేయుటకు ప్రతిపాదించడమైనది. ఏడు దినములలోపు నష్టపోయిన వారి ఫిర్యాదు ఒక్కటైనను సమర్పించిన యెడల పునఃపరిశీలింపబడును. మీరు నా ప్రాణము కాపాడినందుకు వ్యక్తిగతముగా కృతజ్ఞుడను.”

“ఇదెక్కడి మనిషి బాబాయ్!” అన్నాడు జిలానీ. కాంపౌండరు గారికి ఏసుపాదం పాదం గుర్తొచ్చింది.

కబురు ఊళ్లలో పాకింది. ఏడో రోజున విచారణకు ఏసుపాదం ట్రాక్టరు కట్టించి, మొదటి నెలలో కాటు తిని బతికిన ఇరవై ఆరుగుర్నీ ఎక్కించుకొచ్చాడు. కాంపౌండరు గారి మీద ఫిర్యాదు చెయ్యడానికి అందరూ కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. ఈయన మమ్మల్ని నాశనం చేశాడని ఒకరిని మించి ఒకరు చెప్పారు. చెబుతూనే దొంగచాటుగా ఆయనకు దణ్ణం పెట్టారు.

“నష్టం ఏమిటి?” అని భైరవమూర్తి గారు ఒక ముసలమ్మను అడిగారు.

“ఇంకేం నట్టం కావాల బాబూ, బతికిపోయాను గందా! మల్లీ ఊడ్పులకి పోవాల, మల్లీ కోడలి సేతి కూడు తినాల.”

“జీవించి ఉండుట నష్టముగా పరిగణింపబడదు. తరవాతివారు.”

ఇరవై ఆరు ఫిర్యాదులూ తోసిపుచ్చారు. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఐదింటికి సైటు నలభై మూడో పేజీకి పోతుంది. కాంపౌండరు గారికి ఒళ్లు మండిపోయింది.

“రేపు పొద్దున ఎవడో ఒకడు మూడూళ్లు తిరిగి చస్తాడండీ. మీరు బతికింది ఆ పేజీ వల్లే. ఆ ముక్క మీకు తెలుసు. తెలిసి కూడా చెయ్యెలా వస్తోందండీ మీకు?”

భైరవమూర్తి గారు తలదించుకున్నారు. “తెలియబట్టే చేయవలసి వస్తోంది,” అన్నారు నెమ్మదిగా.

అప్పుడు కామరాజు తన బల్ల దగ్గర్నుంచి లేచాడు. చుట్టూ తిరిగి వచ్చి, ఫిర్యాదీలు నిలబడేచోట నిలబడి ఒక కాగితం అందించాడు. దానికి మూడు జతపరచి ఉన్నాయి: సీనియారిటీ జాబితా, ఆసుపత్రి వారి డిశ్చార్జి కాగితం, డాక్టరమ్మ రాసిచ్చిన పావుగంట మాట. భైరవమూర్తి గారు పైకి చదవడం మొదలుపెట్టారు.

“సదరు వెబ్‌సైటు తెరవబడుట వలన, అదనపు సంచాలకుల పదవి ఖాళీ కావలసి ఉండియు కాలేదు. తత్ఫలితముగా ఇరవై ఒక్క ఏండ్లుగా వేచియున్న నా పదోన్నతి శాశ్వతముగా...” మిగతాది ఆయన లోపలే చదువుకున్నారు.

“నష్టం వాస్తవమేనా?”

“అక్షరాలా వాస్తవమండి.”

“వెబ్‌సైటు తెరిచిందెవరు?”

“నేనేనండి.”

“హెచ్చరిక చూడలేదా?”

“ఎర్రబోర్డు చూసే తెరిచానండి,” అన్నాడు కామరాజు.

భైరవమూర్తి గారు జతపరచిన మూడింటినీ ఒక్కొక్కటే సరిచూశారు. తేదీలు సరిపోయాయి. లోపమేమీ దొరకలేదు. ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పాను. కలం తీసి రాశారు: “నష్టము నిర్ధారింపబడినది. పత్రము నంబరు మూడు వందల పద్దెనిమిది కొనసాగును.” తరవాత ఇంకో తెల్లకాగితం తీసుకుని, ఆఫీసు వేళల్లో ఎర్రబోర్డు సైటు తెరిచినందుకు సంజాయిషీ చెప్పవలసిందిగా కామరాజు పేర ఒక మెమో రాశారు. కామరాజు తన బల్ల దగ్గరకు వెళ్లి రెండింటికీ సీలు కొట్టాడు.

వరండాలో కాంపౌండరు గారు కామరాజు రెండు చేతులూ పట్టుకున్నారు.

“మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదండీ.”

“రుణమేంటండీ? నేను మీ మీద కంప్లయింటు ఇచ్చిన మనిషిని,” అని కామరాజు చేతులు విడిపించుకున్నాడు. “వదలండి, మీ జేబు మోగుతోంది.”

కాంపౌండరు గారు ఫోను తీశారు.

“హలో, ఎక్కడ కరిచిందండీ?”